మీ బావ భయం

గోదావరిఖని
18 ఫిబ్రవరి 1972

అన్నా,

నీ చెల్లె సారలమ్మ దండాలు. వదిన, పిల్లలు మంచిగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ మంచిగనే ఉన్నామని రాయబోయి, ఆగిపోయాను. అబద్ధం రాయడానికైతే పావలా కవరెందుకు?

మీ బావ లారీ ఎక్కి రెండు నెలలైంది. పోయిన వానాకాలం బొగ్గు బాయిలో, గని లోపల పైకప్పు కూలి పక్కింటి ఎల్లేశం చనిపోయాడని నీకు తెలుసు. ఇద్దరూ ఒకే చోట బొగ్గు నింపేవారు. ఆ రోజు నుంచి మీ బావ మళ్లీ బాయి దిగలేదు. రాని మనిషి పేరు ఎన్ని రోజులుంచుతారు? కొట్టేశారు. పెద్దపల్లిలో డ్రైవింగు నేర్చుకొని, లైసెన్సు తెచ్చుకొని, ఒక సేటు దగ్గర పనికి కుదిరాడు. ఇక్కడి బొగ్గు బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీకి చేర్చే పని. గాలీ వెలుతురూ ఉన్న పని దొరికిందని నేను మొక్కు కూడా తీర్చుకున్నాను.

కానీ అన్నా, ఆయన నిద్రలో కుడికాలుతో మంచం కోడును తొక్కుతున్నాడు. బ్రేకు తొక్కినట్టు, పళ్లు బిగించి తొక్కుతాడు. నులక రెండు చోట్ల తెగింది. ఎల్లేశం భార్య లింగవ్వ నీకు తెలుసు కదా, దుఃఖంలో ఉన్నా ఆమె నోరు ఊరుకోదు. బయట ఆరేసిన మంచం చూసి, "ఏందే సారక్కా, కొత్త సంసారంల నులక గిట్లనే తెగుతది తియ్యి!" అని బావి దగ్గర అందరి ముందు నవ్వింది. సిగ్గుతో లోపలికి ఉరికాను. లోపల కూర్చున్నాక, ఆమె అన్నదే నిజమైతే ఎంత బాగుండేదో అనిపించింది.

పొద్దున జొన్న గటక తాగి, ఇంటి వెనక్కి పోయి కక్కుకుంటాడు. చాయి గ్లాసు పట్టుకుంటే చేతులు వణుకుతాయి. ఏమైందని అడగడానికి నాకు నోరు పెగలదు. పెళ్లయి ఏడాదైనా ఆయన ముందు పెద్ద మాటలు మాట్లాడింది లేదు. ఆయనా చెప్పడు.

నువ్వు పన్నెండేళ్ల నుంచి లారీ తోలుతున్నావు. కొత్తలో నీకూ ఇట్లనే అయ్యిందా? ఏం చేస్తే తగ్గింది? నేను రాసినట్టు ఆయనకు తెలియదు. జవాబు లింగవ్వ పేరు మీద వెయ్యి.

నీ చెల్లె,
సారలమ్మ


కొత్తగూడెం
25 ఫిబ్రవరి

చెల్లె సారలమ్మకు బుచ్చన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం ముట్టింది. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతుల వణుకు, పొద్దున వాంతి, నిద్రలో కాళ్లు కొట్టుకోవడం! పన్నెండేళ్లలో ఇటువంటి డ్రైవర్లను ఎంతమందిని చూశానో. ఆ రోగం పేరు సీసా. దాచకుండా చెప్పు, ఎంత తాగుతున్నాడు? నీకు తెలియకుంటే సీటు కింద చూడు, పనిముట్ల డబ్బాలో చూడు. అక్కడ లేకుంటే క్లీనరును అడుగు.

ఎల్లేశం పోయిన దుఃఖం ఉంటుంది, కాదనను. కానీ సారా తాగి బండి తోలితే ఇంకొక ఎల్లేశం అవుతాడు. బావకు నేనే ఒక ఉత్తరం రాస్తానంటే మీ వదిన చెయ్యి పట్టుకున్నది. "నీ చెల్లె అడిగిందేంది, నువ్వు చెప్తున్నదేంది? కోర్టుల జడ్జి లెక్క కూసున్నవు" అంటున్నది. ఆమెకేం తెలుసు? భయపడే మనిషి బండి ఎక్కడు. ఎక్కిన మనిషికి భయముండదు. మా పని అటువంటిది.

సంగతి కనుక్కొని రాయి. అవ్వకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైనాయి. నిన్ను అడుగుతున్నది.

బుచ్చన్న


గోదావరిఖని
6 మార్చి

అన్నకు,

నీ ఉత్తరం రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టుకొని ఏడ్చాను. ఆయన తాగడు. మన బాపు తాగి వచ్చే వాసన నాకు తెలియదా? అది ఈ ఇంట్లో లేదు. అయినా నువ్వు రాశావు కదా అని, సీటు కిందా డబ్బాలోనూ వెతకకున్నా, ఆయన చొక్కా వాసన చూశాను. అంతకన్నా సిగ్గు ఇంకేముంది? బొగ్గు, డీజిలు, చెమట. అంతే.

మొన్న బసంత్‌నగర్‌లో ఒకరిని చూడడానికి లింగవ్వతో బస్సులో పోయాను. దారిలో ఆయన లారీ రోడ్డు పక్కన ఆగి ఉంది. చెడిపోలేదు, ఇంజను నడుస్తూనే ఉంది. ఆయన స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చున్నాడు. రెండు చేతులూ దాన్ని చుట్టి పట్టుకున్నాయి, వరదలో మాను పట్టుకున్నట్టు. బస్సు హారను కొట్టినా తల ఎత్తలేదు. చూడకూడనిది చూసినట్టు నేను ముఖం తిప్పుకున్నాను. లింగవ్వ కూడా చూసింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఆ రోజు ఇల్లు చేరేదాకా నా చెయ్యి పట్టుకొని కూర్చుంది.

ఆ పూట అన్నం పెడుతూ, తల ఎత్తకుండానే, "బండి మంచిగ నడుస్తున్నదా?" అన్నాను. ముద్ద కలుపుతూ, "నడుస్తది. అది ఎప్పుడు నా మాట ఇంటదో, ఎప్పుడు ఇనదో తెల్వదు" అన్నాడు. ఇంకొక ముద్ద తిని చెయ్యి కడుక్కున్నాడు.

భయముండే మనిషి బండి ఎక్కడని రాశావు. ఎక్కాడన్నా. ఎక్కక ఏం చేస్తాడు? బాయి వద్దన్నాడు, ఇది కూడా వద్దంటే ఇంకేముంది మాకు?

మళ్లీ అట్లాంటి మాట రాయకు. ఏదైనా మందుంటే చెప్పు.

సారలమ్మ


కొత్తగూడెం
14 మార్చి

చెల్లే,

తప్పు పట్టకు. నీ ఉత్తరం మీ వదిన చదివి నా ముందు విసిరి పోయింది. పోతూ, "మొదటి ఏడు ఇల్లందు తొవ్వల నువ్వెట్ల చేసినవో రాయి నీ చెల్లెకు" అన్నది. అది రాయొద్దనుకున్నాను. రాస్తున్నాను.

కొత్తలో నేను దుంగల బండి తోలేవాణ్ని. వెనక దుంగలు కదిలితే నా వీపు మీద ఎవరో నడిచినట్టు ఉండేది. ఒకనాడు మలుపులో బండి ఆపి, దిగి, అడవిలోకి నడిచిపోయాను. ఇంటికి పోదామనే. క్లీనరు వెతికి పట్టుకొచ్చాడు. వాడు ఎవరితోనూ చెప్పలేదు, అందుకే ఇయ్యాల నేను పెద్ద డ్రైవరును. కాబట్టి బావది వింత రోగం కాదు.

ఇక మందు. మొదటిది, ఖాళీ కడుపుతో పోనియ్యకు. గటక ఆగకుంటే జేబులో పుట్నాలు పొయ్యి. నములుతూ ఉంటే పళ్లు బిగుసుకోవు. రెండోది, పాత డ్రైవరు బండి వెనక పొమ్మను. ముందు బండి పోయిన చోట మన బండీ పోతుందని మనసు నమ్ముతుంది.

మూడోది అసలైంది. పొద్దున సీటెక్కే ముందు బండి చుట్టూ తిరిగి, ఒక్కొక్క చక్రాన్ని పానాతో కొట్టి వినాలి. డప్పులాగా మోగిందా, గాలి నిండుగా ఉన్నట్టు. తడి మట్టిని కొట్టినట్టు పలికిందా, గాలి పోయినట్టు. అన్నీ మోగినాక ఎక్కితే, బండి తన నోటితో తాను 'నేను బాగున్నా, పద' అన్నట్టుంటుంది. నాకు ఈనాటికీ అదే ధైర్యం. మా బండ్ల అడ్డాలో పొద్దున వచ్చి వింటే ఏదో పెళ్లి అనుకుంటావు.

నేను చెప్పానని చెప్పకు. మగవాడికి బామ్మర్ది మాట చేదుగా ఉంటుంది.

బుచ్చన్న


గోదావరిఖని
4 ఏప్రిల్

అన్నకు, వదినకు దండాలు.

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. మందు పని చేసింది.

ఎట్లా చెప్పానో అడుగు. పొయ్యి వైపు తిరిగి, రొట్టె చేస్తూ, "చక్రాలు కొట్టి చూస్తే మంచిదట, మోగితే మంచిదట" అన్నాను. "ఎవలు చెప్పిన్రు?" అన్నాడు. "మా అన్న చిన్నప్పుడు అనేటోడు" అన్నాను. ఉలికిపడి నా వైపు చూశాడని నా వీపుకు తెలిసింది. నేను తిరగలేదు.

మొదట భయపడ్డాను. మరునాడు పొద్దున కాలనీ చివర లారీ దగ్గర ఒక్క దెబ్బ వినిపించింది. అంతే, ఆయన తిరిగి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ముఖమంతా చెమట. ఆలస్యంగా పోయాడు. నాలుగైదు రోజులు అట్లనే గడిచింది. అన్న చెప్పింది తప్పేమోనని నాలో నేనే తిట్టుకున్నాను.

తర్వాత ఏమైందో తెలియదు, మారిపోయాడు. ఇప్పుడు తెల్లారక ముందే లేచి లారీ దగ్గరికి పోతాడు. చాలాసేపు అక్కడే ఉంటాడు. చక్రాలు కొట్టుకుంటూ తిరుగుతాడు. తిరిగి వచ్చి గటక తాగుతాడు. కడుపులో ఆగుతున్నది. కాలు తొక్కడం తగ్గింది. నులక కొత్తది అల్లాడు, తనే కూర్చొని. లింగవ్వ చూసి, "ఇగ తెగినా ఫికర్ లేదు, చేతులున్నోడు ఇంట్లనే ఉన్నడు" అంటే నవ్వాడన్నా. ఎల్లేశం పోయినాక ఆయన నవ్వు నేను చూడడం అదే మొదలు.

"బండి ఇప్పుడు మెత్తగ పోతున్నది. పరుపు మీద పోయినట్టున్నది" అన్నాడు. నాకు ఆకుపచ్చ గాజులు తెచ్చాడు. కొంచెం బిగువు, అయినా తొడుక్కున్నాను.

వదినకు ఒక మాట చెప్పు. ఈ నెల నాకు తలస్నానం లేదని చెప్పు. ఆమెకు అర్థమైతది. నువ్వు అడగకు.

సారలమ్మ


కొత్తగూడెం
13 ఏప్రిల్

చెల్లే,

మీ వదినకు చెప్పాను. ఆమె అవ్వకు చెప్పింది. అవ్వ వాడకంతా చెప్పింది. ఇంట్లో ఇప్పుడు నాకు తప్ప అందరికీ పని పడింది. పచ్చళ్లు, పాత చీరల బొంతలు. నీ కడుపు చల్లగుండాలి.

ఒక సంగతి మాత్రం నా మనసుకు పడలేదు. బండి మెత్తగా పోతున్నదని బావ అన్నాడని రాశావు. నిండు గాలి ఉన్న చక్రాలతో, బొగ్గు లోడుతో బండి మెత్తగా పోదు. గుంతలో పడితే నడుముకు తెలుస్తుంది. పరుపు మీద పోయినట్టుంటే గాలి తక్కువగా ఉన్నట్టే. కొట్టి చూస్తున్నాడు కదా, మరి ఎట్లా తెలియడం లేదు? క్లీనరు నిద్రపోతున్నాడా?

ఎండలు ముదురుతున్నాయి. తక్కువ గాలి, ఎక్కువ లోడు, కాలిన తారు రోడ్డు, ఈ మూడూ కలిస్తే టైరు లోపల ఉడికిపోతుంది. ముందు చక్రం పగిలితే స్టీరింగు చేతిలో ఉండదు. నా పేరు చెప్పినా సరే, వెంటనే గాలి కొట్టించుకోమను. సిగ్గుపడకు సారలమ్మా. ఇది సిగ్గుపడే మాట కాదు.

బుచ్చన్న


గోదావరిఖని
23 ఏప్రిల్

అన్నా,

ఆయన బతికే ఉన్నాడు. ఆ మాట ముందు రాస్తున్నాను.

నీ ఉత్తరం చేరిన పూటే చెప్పాను. పొయ్యి వైపు తిరగకుండా, ఎదురుగా నిలబడి చెప్పాను. "గాలి తక్కువున్నదట. మా అన్న రాసిండు" అన్నాను. ఆయన ముఖం మారిపోయింది.

"రాసిండా? ఆయనకెట్ల ఎరుక?"

నేను నేల చూశాను.

"అంటే అన్నీ రాస్తున్నవన్నట్టు. నేను కక్కుకున్నది, కాళ్లు కొట్టుకున్నది. నా భయం మీ అన్నకు పోస్టు జేసినవా?"

"మీకు మంచి జరగాలనే..."

"ఆ డ్రైవర్ల అడ్డాల అందరు చదివి నవ్వుకున్నరా? బుచ్చన్న బావ సదయ్య గిట్ల అని?"

అరవలేదు. అరిస్తే బాగుండేది. పొద్దున గటక ముట్టకుండా పోయాడు. గాలి సంగతి ఏం చేశాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మధ్యాహ్నం బసంత్‌నగర్ దగ్గర ముందు కుడి చక్రం పగిలింది. లారీ కుడి పక్కకు గుంజుకుపోయి ఎదురుగా వస్తున్న ఎడ్లబండిని కొట్టింది. ఒక ఎద్దు అక్కడే చనిపోయింది. బండి తోలే బిక్షం అనే ఆయన కాలు చక్రం కింద నలిగింది. మీ బావకు గీత కూడా పడలేదు. పోలీసులు తీసుకపోయారు. లింగవ్వ నాతో స్టేషను దాకా వచ్చింది. కటకటాల వెనక నుంచి నన్ను చూసి, "తిన్నవా?" అన్నాడు. అంతే మాట్లాడాడు.

ఏం చెయ్యాలో తోచడం లేదు.

సారలమ్మ


కొత్తగూడెం
30 ఏప్రిల్

చెల్లెకు,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. చెప్పాను కదా! అంత విడమరచి రాశాను కదా! పంపు పెట్టి గాలి కొట్టించుకోవడానికి బద్ధకమా? లేక బామ్మర్ది చెబితే వినేదేంటి అనే పౌరుషమా? పౌరుషానికి ఒక రైతు కాలు పోవాలా?

బండి అందరి చేతికీ రాదు. ఆయన డ్రైవరు కాదు, ఎన్నటికీ కాలేడు. బాయిలో నుంచి పారిపోయి వచ్చాడు, ఇక్కడ నుంచి ఎక్కడికి పారిపోతాడు? కడుపుతో ఉన్న నిన్ను అక్కడ ఉంచను. అవ్వ కూడా అదే అంటున్నది. వచ్చే నెలాఖరుకు సెలవు పెట్టి వస్తాను. బట్టలు సర్దుకొని ఉండు. కాన్పు అయ్యేదాకా ఇక్కడే ఉందువు. తర్వాత సంగతి తర్వాత.

బుచ్చన్న


గోదావరిఖని
17 మే

అన్నా,

నువ్వు కోపంతో రాశావు, నా మీద ప్రేమతో రాశావు. రెండూ నాకు తెలిశాయి. కానీ నువ్వు రాసింది తప్పు. బద్ధకమూ కాదు, పౌరుషమూ కాదు. ఆ గాలి తీసింది ఆయనే.

జామీను మీద విడిచినాక రోజూ దవాఖానకు పోతున్నాడు. ఒకనాడు నేనూ పోయాను, అన్నం గిన్నె పట్టుకొని. బిక్షం కాలు మోకాలి కిందికి తీసేశారు. ఆయన భార్య ఐలవ్వ గిన్నెను పక్కకు తోసింది. "నీ మొగని అన్నం మాకెందుకమ్మా? కాలు తెస్తడా, ఎద్దును తెస్తడా?" అన్నది. మంచం మీది నుంచి బిక్షం, "తియ్యే, తిందాం. కాలు పోయె, ఎద్దు పోయె. ఆకలి పోతదా?" అన్నాడు. ఐలవ్వ ముద్ద కలిపి ఆయనకు పెట్టింది, తను తినలేదు. మీ బావ గోడకు ఆనుకొని అది చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు తొవ్వలో చెప్పాడు. నేను అడగలేదు. అన్నా, నీకూ నాకూ తెలియనిది ఇది.

"బాయిల పైకప్పును కట్టెతోని కొట్టి చూస్తరు. గట్టిగ, రాయి లెక్క పలికితే పైన భద్రమున్నట్టు. డప్పు లెక్క మోగితే, బండ లోపట ఇడిపోయి ఏలాడుతున్నట్టు. ఆనాడు మా పని చూసే సర్దార్ కొడితే డప్పు మోగింది. 'ఉరుకున్రి' అన్నడు. నేను ఉరికిన. ఎల్లేశం తట్ట కోసం మళ్లిండు."

కొంత దూరం నడిచాడు.

"మీ అన్న చెప్పింది నిజమే. మోగితేనే మంచి చక్రం. నాకెరుకనే, లైసెన్సు తీసుకున్నోణ్ని. కని చెవికి ఎట్ల చెప్పాలె? కొట్టిన. మోగింది. నా నెత్తి మీద బండ కదిలినట్టయింది. రోజింత, రోజింత గాలి తీసిన. క్లీనర్ కొట్టిస్తే మల్ల తీసిన. డప్పు మోగుడు ఆగేదాక తీసిన. గప్పుడు నిద్ర పట్టింది. నువ్వు చెప్పిన పొద్దు గాలి కొట్టిద్దామనే పోయిన. పంపు చేతిల పట్టుకున్న. చేతగాలే."

ఆ మాట ముందే నీకు రాసి ఉంటే నువ్వు వేరే మందు చెప్పేవాడివి. నాకే తెలియదు కదా. నువ్వు డ్రైవరువు, బాయి దిగలేదు. ఆయన బాయి మనిషి. నడుమ నేను పొయ్యి దగ్గర నిలబడి ఇద్దరి మాటలూ మోశాను.

సేటు లారీ బాగు చేయించి మళ్లీ రమ్మని మనిషిని పంపాడు. కేసు సంగతి నేను చూసుకుంటానన్నాడు. మీ బావ రానన్నాడు. పాత సర్దార్ దగ్గరికి పోయి కాళ్లావేళ్లా పడి, రాని వాళ్ల బదులు దిగే బదిలీ మనిషిగా మళ్లీ బొగ్గు నింపే పనికి పేరు రాయించుకున్నాడు. అది విన్నప్పుడు మొట్టమొదటిసారి ఆయన చొక్కా పట్టుకొని అడిగాను, "మల్ల బాయిలకేనా? అదే భయం కాదా?" అని.

ఆయన నా చెయ్యి తియ్యలేదు. "భయమే. కని అక్కడ నా భయం నా నెత్తి మీదనే పడుతది. రోడ్డు మీద ఎదురొచ్చినోని మీద పడ్డది" అన్నాడు.

నేను ఆయన చొక్కా విడిచాను. ఆ మాటకు జవాబు నీకు దొరికితే ఆయనకే రాయి, నాకు రాయకు.

నువ్వు రా. వదినను, పిల్లలను తీసుకొని రా, నాలుగు రోజులుండి పో. నన్ను తీసుకపోవడానికి మాత్రం రాకు. నేను లేని ఇంటికి ఆయన బాయి నుంచి రావడం నాకు ఇష్టం లేదు. బాయి నుంచి పారిపోయాడని రాశావు. పారిపోయిన మనిషే మళ్లీ అక్కడికి నడిచి పోయాడు, చూడు.

ఇక నుంచి ఆయన భయం నీకు రాయను. అది ఆయనది. ఇప్పుడు నాతో చెబుతున్నాడు, కొంచెం కొంచెం. చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నా ఉత్తరాల్లో ఎండలు, నీళ్ల కరువు, నా కడుపులో బిడ్డ ఉంటాయి. ఎదురుచూస్తూ కూర్చుంటే కలిగే నా భయం మాత్రం రాస్తాను. ఈ ఒక్కటి రాసి ముగిస్తాను.

ఆయన మళ్లీ దిగుతున్నాడని తెలిసిన రోజు లింగవ్వ మా వైపు రాలేదు. తలుపు వేసుకొని లోపలే ఉంది. ఇయ్యాల పొద్దున, మొదటి షిఫ్టుకు ఆయన బయలుదేరుతుంటే వచ్చింది. కొంగు కింద నుంచి ఎల్లేశం బూట్లు తీసి గడప మీద పెట్టింది. "సదయ్యన్నా, ఊకె పడున్నయి. కొలత సూడు" అన్నది. నవ్వులేదు, ఏడుపులేదు.

ఆయన కూర్చొని తొడుక్కున్నాడు. లేచి రెండడుగులు వేశాడు.

సరిగ్గా సరిపోయాయన్నా.

నీ చెల్లె,
సారలమ్మ